నౌబత్ పహాడ్ మీద రాకెట్లు, బీచ్ రోడ్డు పక్కన విమానం

హైదరాబాద్‌లో అంతరిక్ష మ్యూజియం ఉంది. టికెట్ కొనుక్కుని, పిల్లల చెయ్యి పట్టుకుని వెళ్లి చూసే విమానాల మ్యూజియం మాత్రం లేదు. మన్సూరాబాద్ లాంటి కాలనీలో ఉండే కుటుంబం ఆదివారం పూట పిల్లలకు రాకెట్లూ విమానాలూ రెండూ చూపించాలనుకుంటే, ఆ ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసుకోక తప్పదు. రాకెట్ల ముక్క మెట్రో దూరంలో ఉంది, ఒక పూటలో అయిపోతుంది. విమానాల ముక్కకు రాత్రి బండి ఎక్కాలి.

మన్సూరాబాద్‌కు దగ్గరి ఎల్బీనగర్ స్టేషన్ మెట్రో ఎర్ర లైనుకు ఒక కొస. రైలు అక్కడే బయల్దేరుతుంది కనుక ముసలివాళ్లకూ చిన్నపిల్లలకూ సీటు దొరుకుతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ భాగం మొదలైనప్పటి నుంచి తూర్పు హైదరాబాద్‌కు ఈ సుఖం వచ్చింది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదుగా, మలక్‌పేట దాటి, మూసీ మీదుగా వెళ్లే బండి పదకొండో స్టేషన్‌గా అసెంబ్లీ చేరుతుంది. ఎక్కడా బండి మారే పని లేదు. స్టేషన్ నుంచి ఆదర్శనగర్ వైపు వెళ్తే నౌబత్ పహాడ్. నౌబత్ అంటే నగారా. పాతకాలంలో ప్రభువుల ఫర్మానాలను ఈ గుట్ట మీద నగారా మోగించి చాటేవారని చెబుతారు. దాని మీదే బిర్లా సైన్స్ సెంటర్, ఆ పక్కనే పాలరాతి బిర్లా మందిరం. కొండ ఎక్కిన కుటుంబాల్లో సగం మంది గుడికి వచ్చి, పిల్లల పోరు పడలేక మ్యూజియంలోకి మళ్లినవారే అనిపిస్తుంది, ఆదివారం క్యూ చూస్తే.

ఈ సెంటర్ ఒక్కసారిగా కట్టింది కాదు. మొదట నక్షత్రశాల వచ్చింది. 1985 సెప్టెంబరు 8న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు దాన్ని ప్రారంభించారు. 1990లో సైన్స్ మ్యూజియం తెరిచారు. 2000లో డైనోసార్ల విభాగం చేరింది. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో ఆ జాతిని వర్ణించి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలుగు ఊరి పేరు మోస్తున్న డైనోసార్‌ను చూడకుండా కిందికి దిగడం తప్పే. ఇక ఇస్రో కృషిని చూపే అంతరిక్ష మ్యూజియం అన్నింటికంటే చిన్నది వయసులో. అది 2019లో మొదలైంది. ప్రైవేటు రంగంలో దేశంలో మొదటి అంతరిక్ష మ్యూజియం అదే.

ఏది ముందు చూడాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ రోజు బాగా గడవడం దాని మీదే ఆధారపడుతుంది. ముందు అంతరిక్ష మ్యూజియం, తరువాత డైనోసార్, చివర నక్షత్రశాల అనుకుంటే మేలు. నక్షత్రశాలలో వెనక్కి వాలే కుర్చీలు, చీకటి, చల్లదనం ఉంటాయి. నడిచి నడిచి అలసిన కాళ్లకు అది విశ్రాంతి. పొద్దున్నే అక్కడికి తీసుకెళ్తే పిల్లలు హుషారులో కుదురుగా కూర్చోరు, సాయంత్రం తీసుకెళ్తే నాలుగేళ్లవాడు నిద్రపోతాడు. నిద్రపోతే పోనీ, మిగతావాళ్లు ప్రశాంతంగా చూస్తారు. తెలుగులో నడిచే ప్రదర్శన వేళ ముందే కనుక్కుని మిగతా కార్యక్రమాన్ని దాని చుట్టూ అమర్చుకోవాలి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఇది మరీ అవసరం.

నక్షత్రశాల పనిచేసే తీరు సులభమైనదే. బోర్లించిన గిన్నెలాంటి గుమ్మటం లోపలి భాగమే తెర. మధ్యలో ఉన్న ప్రొజెక్టర్ ఒక్కో చుక్కనూ దాని స్థానంలో, దాని వెలుగుకు తగ్గ మోతాదులో ఆ తెర మీద పడేలా చేస్తుంది. ఎల్బీనగర్ చౌరస్తా దీపాల కింద మనిషి కంటికి ఆకాశంలో పట్టుమని పాతిక నక్షత్రాలు ఆనడం కష్టం. నగరం దీపాలు తెల్లవార్లూ వెలిగే కాలంలో పుట్టిన పిల్లలు పాలపుంతను మొదటిసారి చూసేది చాలావరకు ఇలాంటి గుమ్మటం కిందే.

అంతరిక్ష మ్యూజియంలో పెద్దలు చేసే పొరపాటు ఒకటుంది. అన్నిటికంటే పొడుగు రాకెట్ నమూనా ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీసి ముందుకు కదులుతారు. రాకెట్లను పొడుగును బట్టి చూస్తే ఏమీ తెలియదు, వయసును బట్టి చూడాలి. వయసులో అన్నింటికంటే పెద్దది ఎస్‌ఎల్‌వీ-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి చేసిన మొదటి ప్రయోగంలో విఫలమై బంగాళాఖాతంలో పడింది. 1980 జూలై 18న రెండోసారి ఎగిరి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇక్కడ ఆగి పిల్లల చేత చిన్న భాగాహారం చేయించవచ్చు. 17 టన్నులంటే 17,000 కిలోలు. 35 కిలోలు పైకి పంపడానికి ఆ బరువంతా కావాలి. అంటే కిలోకు దాదాపు 486 కిలోలు.

అంత బరువు ఎందుకంటే, రాకెట్ మోసేది ఎక్కువగా తన ఇంధనాన్నే. వేసవిలో కాలనీకి వచ్చే నీళ్ల ట్యాంకర్ దారి పొడుగునా తన నీళ్లు తానే తాగుతూ వస్తే చివరి వీధికి ఎన్ని బిందెలు మిగులుతాయి? రాకెట్ సంగతీ అంతే. పై ఇంధనాన్ని మోయడానికి కింద ఇంధనం కావాలి, ఆ కింది ఇంధనాన్ని మోయడానికి దాని కింద మరింత కావాలి. భూమి చుట్టూ దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగం అందుకోవాలి. ఆ వేగంతో మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరడానికి ఒక్క సెకను చాలు. ఒకే డబ్బాలో ఇంధనం నింపుకుని ఆ వేగం అందుకోవడం ఇప్పటి ఇంజిన్లతో అయ్యే పని కాదు. అందుకే రాకెట్ దశలుగా ఉంటుంది. ఖాళీ అయిన డబ్బాను ఎప్పటికప్పుడు వదిలేస్తూ, తేలికవుతూ పోతుంది. నమూనా మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు రంగు మారే చోట వేలు పెట్టి చూపిస్తే, ఇది ఊడి సముద్రంలో పడుతుంది, అది ఇంకాస్త దూరం పోయి పడుతుంది అని చెప్పవచ్చు. పైకి చేరేది ముక్కు దగ్గర ఉన్న చిన్న సరుకు మాత్రమే.

తరువాతివన్నీ ఎస్‌ఎల్‌వీ సంతానమే. పీఎస్‌ఎల్‌వీ 44 మీటర్ల పొడుగు, 320 టన్నుల బరువు. దానికి నాలుగు దశలు: ఒకటి ఘన ఇంధనం, ఒకటి ద్రవ ఇంధనం, మళ్లీ ఘనం, మళ్లీ ద్రవం. చంద్రయాన్-1ని 2008 అక్టోబరు 22న, మంగళయాన్‌ను 2013 నవంబరు 5న ఎత్తుకుపోయింది ఈ జాతి రాకెట్టే. చంద్రయాన్-3ని 2023 జూలై 14న తీసుకెళ్లిన ఎల్‌వీఎం-3 పొడుగులో పీఎస్‌ఎల్‌వీ కంటే కాస్త పొట్టి, 43.5 మీటర్లే. బరువు మాత్రం రెట్టింపు, 640 టన్నులు. పొట్టిగా, లావుగా ఉన్నదే బలమైనదని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం చూడదగ్గది.

ఇక్కడ మన్సూరాబాద్ కుటుంబం గుర్తు చేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ గొట్టాన్ని మారేజింగ్ స్టీలు అనే ప్రత్యేక ఉక్కుతో చేస్తారు. మామూలు ఉక్కుకు గట్టిదనం బొగ్గు పదార్థమైన కార్బన్ వల్ల వస్తుంది. దీనిలో కార్బన్ దాదాపు ఉండదు. ఇనుములో 18 శాతం దాకా నికెల్, ఇంకా కోబాల్ట్, మాలిబ్డినం కలిపి, తరువాత నిర్ణీత వేడిలో కొన్ని గంటలపాటు మగ్గబెడితే ఆ బలం వస్తుంది. పలచని గోడతో పెద్ద ఒత్తిడిని తట్టుకోగల ఈ ఉక్కును ఇస్రోకు తయారుచేసి ఇచ్చినది మిధాని. 1973లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ ఉన్నది కంచన్‌బాగ్‌లో, ఎల్బీనగర్ నుంచి సంతోష్‌నగర్ వైపు వెళ్తే తగిలే పేటలో. ఇక ఎల్బీనగర్‌లో ఈసీఐఎల్ బస్సు ఎక్కేవాళ్లకు ఆ నాలుగక్షరాల సంగతి పట్టదు గానీ, చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల వెడల్పు ఆంటెన్నా ఆ ఈసీఐఎల్ చేసినదే. చంద్రుడి దగ్గర్నుంచి వచ్చిన సన్నటి సంకేతాలను పట్టుకున్న గిన్నె అది.

ఉపగ్రహాల నమూనాల దగ్గర ప్రతి పిల్లా అడిగే ప్రశ్న ఒకటే: అది బంగారమా? బంగారు కాగితంలా మెరిసే ఆ పొర బంగారం కాదు. పాలిమైడ్ అనే పసుపుపచ్చని ప్లాస్టిక్ పొర వెనక అల్యూమినియం పూత వేస్తారు. వెండి మెరుపు పసుపు పొరలోంచి కనిపించి బంగారంలా అనిపిస్తుంది. అంతరిక్షంలో గాలి లేదు కనుక ఎండ పడ్డ వైపు మాడిపోతుంది, నీడ వైపు గడ్డకడుతుంది. ఇలాంటి పలచని పొరలను ఒకదాని మీద ఒకటి కప్పితే లోపలి యంత్రాలకు అది దుప్పటిలా పనిచేస్తుంది. మంగళయాన్ ఫోటోలలో కనిపించే మెరుపు అదే.

ఇస్రో మొదటి రోజుల గురించి చెప్పేటప్పుడు ఎడ్లబండి ఫోటో తప్పకుండా వస్తుంది. యాపిల్ అనే సమాచార ఉపగ్రహాన్ని 1981లో ఎడ్లబండి మీద పెట్టి తీసిన ఫోటో అది. చాలామంది దాన్ని పేదరికానికి గుర్తుగా చెబుతారు. అసలు కారణం వేరు. ఆంటెన్నాను ఆరుబయట పరీక్షించాలి. లోహపు వాహనం మీద పెడితే ఆ లోహం రేడియో తరంగాలకు అడ్డు తగులుతుంది. కొయ్య బండి అయితే ఆ బెడద ఉండదు. ఇంజినీర్లు తక్కువ ఖర్చులో తెలివైన దారి పట్టారు. పిల్లలకు ఈ ఫోటో చూపించి జాలిగా మాట్లాడటం సరికాదు.

వ్యోమగాముల విషయానికొస్తే, 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో వెళ్లిన రాకేశ్ శర్మ పుట్టింది పటియాలాలో అయినా, చదివింది హైదరాబాద్‌లో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ నిజాం కాలేజీలోనూ. 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు అంతరిక్షంలో ఉన్నారు. నిజాం కాలేజీ బషీర్‌బాగ్‌లో, నౌబత్ పహాడ్‌కు దగ్గర్లోనే. తిరుగు ప్రయాణంలో అటుగా వెళ్లి కాలేజీ గేటు చూపిస్తే పిల్లలకు ఈ సంగతి గుర్తుండిపోతుంది.

ఆకాశాన్ని చూసే అలవాటు తూర్పు హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువు ఇంగ్లండు నుంచి దూరదర్శినులు తెప్పించి 1901లో ఫిసల్ బండా దగ్గర తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. అదే నిజామియా అబ్జర్వేటరీ. తరువాత అది బేగంపేటకు మారింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్రాల పటం గీసినప్పుడు హైదరాబాద్ వంతుకు వచ్చిన భాగంలో లక్షలాది నక్షత్రాల స్థానాలను ఇక్కడివాళ్లు కొలిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చాక, నగరం దీపాలకు దూరంగా ఇబ్రహీంపట్నం అవతల జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య 48 అంగుళాల దూరదర్శినిని పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. ఆ రోజు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈ కాలనీల్లో ఇప్పుడు తాతలుగా ఉన్నారు. మ్యూజియానికి వాళ్లనూ తీసుకెళ్తే ఆ కథ వాళ్ల నోటే వినవచ్చు.

ఇక విమానాలు. వాటితో హైదరాబాద్ సంబంధం రాకెట్లకంటే పాతది. నిజాం సంస్థానం, టాటాలు కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పెట్టారు. బేగంపేట దానికి స్థావరం. 1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి బేగంపేటకు రోజువారీ ప్రయాణికుల విమానాలు రావడం లేదు. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) కర్మాగారం ఉంది. ఎల్బీనగర్‌కు దక్షిణాన, సాగర్ రోడ్డు మీదుగా వెళ్తే వచ్చే ఆదిబట్లలో సీ-130జే రవాణా విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ మధ్య భాగాలు తయారవుతాయి. అపాచీ కర్మాగారం 2018లో ప్రారంభమైంది. మన్సూరాబాద్ నుంచి ఇంత దగ్గరలో తయారయ్యే ఆ తోకను ఇక్కడి పిల్లలు కళ్లారా చూసే వీలు లేదు. రక్షణ కర్మాగారాలకు కాపలా ఉండటం న్యాయమే. కాలం చెల్లిన ఒక విమానాన్ని బేగంపేటలో నిలబెట్టి, కింద తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టకపోవడానికి మాత్రం ఏ కారణమూ చాలదు. రెండేళ్లకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనలో కొత్త విమానాలు దిగుతాయి, వైమానిక దళం విన్యాసాలు చేస్తుంది, జనాన్నీ అనుమతించే రోజులుంటాయి. నాలుగు రోజుల్లో అది ముగిసిపోతుంది.

విమానాన్ని దగ్గరగా చూడాలన్న కోరిక జనంలో ఎంత ఉందో 2022 నవంబరులో తెలిసింది. హోటల్‌గా మార్చడానికి కొచ్చి నుంచి హైదరాబాద్‌కు లారీ మీద తెస్తున్న పాత విమానం ఒకటి బాపట్ల జిల్లాలో అండర్‌పాస్ కింద ఇరుక్కుపోయింది. దాన్ని చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వచ్చాయి.

హైదరాబాద్‌లో ఆ కోరిక తీరే చోటు లేదు కనుక విమానాల కోసం విశాఖపట్నం వెళ్లాలి. నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి దిగవచ్చు. మన్సూరాబాద్ వాళ్లకు ఇంకో వసతి ఉంది: విజయవాడ వైపు పోయే బస్సులకు ఎల్బీనగర్ పెద్ద మజిలీ కనుక విశాఖ బస్సు ఇంటి దగ్గరే ఎక్కవచ్చు. రామకృష్ణా బీచ్ రోడ్డు మీద రోడ్డుకు ఒక పక్క టీయూ-142 విమానం, సముద్రం వైపు ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉన్నాయి. వేటగాడు రోడ్డుకు ఒక పక్క, వేటాడబడేది ఇంకో పక్క. దేశంలో ఈ జంటను ఇంత దగ్గరగా చూసే చోటు ఇంకోటి లేదు.

టీయూ-142 సోవియట్ యూనియన్ తయారీ. సముద్రం మీద రోజంతా గస్తీ తిరిగి జలాంతర్గాములను పసిగట్టడం దాని పని. 1988లో భారత నౌకాదళంలో చేరింది. 29 ఏళ్లలో, ఒక్క ప్రమాదం లేకుండా, ఈ విమానాల దళం 30,000 గంటలు ఎగిరింది. 2017 మార్చి 29న తమిళనాడులోని అరక్కోణం దగ్గర ఐఎన్ఎస్ రాజాలిలో వీడ్కోలు అందుకుంది. వాటిలో ఒకటి ఏప్రిల్‌లో చివరిసారిగా ఎగిరి విశాఖలో దిగింది. భాగాలు విప్పి, బీచ్‌కు తెచ్చి, మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

విమానం కింద నిలబడి మొదట చూడాల్సింది రెక్కలు. ఒక కొస నుంచి ఇంకో కొసకు సుమారు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, కానీ పంకాలు ఎనిమిది. ఒక్కో ఇంజిన్‌కు ముందొకటి, వెనకొకటి రెండు పంకాలు. అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మొదటి పంకా గాలిని వెనక్కి తోస్తూ సుడి తిప్పుతుంది, ఆ సుడిలో కొంత శక్తి వృథా అవుతుంది. రెండోది ఎదురు తిరిగి ఆ సుడిని సరిచేసి, వృథా అయ్యే శక్తినీ తోపుగా మారుస్తుంది. పంకాలతో ఎగిరే విమానాల్లో దీనంత వేగంగా పోయేవి చాలా తక్కువ. దానికి మూల్యం చప్పుడు. పంకా రెక్కల అంచులు శబ్దవేగాన్ని దాటి తిరుగుతాయి గనుక ఆ రొద చాలా దూరం వినిపిస్తుంది.

లోపల చూడాల్సినవి సోనోబోయ్‌లు. నీళ్లలో పడేసే పొడుగాటి గొట్టాలు అవి. సముద్రంలో పడ్డాక పైభాగం తేలుతుంది, తీగకు కట్టిన మైకు లోతుకు దిగుతుంది. జలాంతర్గామి చప్పుడు వినగానే రేడియోలో విమానానికి చెబుతుంది. ఇలాంటివి నాలుగైదు పరిచి, దేనికి చప్పుడు ముందు అందిందో చూసి జలాంతర్గామి ఎక్కడుందో లెక్కగడతారు. నీళ్ల కింద రేడియో పనిచెయ్యదు, చూపు ఆనదు. వినడం ఒక్కటే దారి.

రోడ్డు దాటితే కురుసుర. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 ఆగస్టులో ఒడ్డు మీద మ్యూజియంగా తెరిచారు. పొడుగు 91 మీటర్లు. లోపల గది నుంచి గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బయటే కూర్చోవడం మంచిది. డెబ్బైమందికి పైగా సిబ్బంది అందులో రోజుల తరబడి ఎలా బతికారో ఆ మంచాల వరసలు చూస్తే అర్థమవుతుంది. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే అక్కడ గైడ్లుగా ఉండటం ఈ మ్యూజియానికి అందం. వాళ్లను తొందరపెట్టకూడదు.

యుద్ధ విమానాలూ, విమానం తయారీ చరిత్రా చూడాలంటే బెంగళూరులో 2001లో మొదలైన హాల్ మ్యూజియం ఉంది. జర్మన్ ఇంజినీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో రూపొంది 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన మారుత్ జెట్ విమానాన్ని అక్కడ చూడవచ్చు.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఆరు నెలలకు వెళ్లే తల్లిదండ్రులు దిల్‌సుఖ్‌నగర్, మన్సూరాబాద్ కాలనీల్లో వీధికి ఇద్దరైనా ఉంటారు. పిల్లలు వర్జీనియాలో ఉంటే డల్లస్ విమానాశ్రయం పక్కన, షాంటిలీలో ఉడ్వార్-హేజీ సెంటర్ ఉంది. స్మిత్సోనియన్ సంస్థ 2003 డిసెంబరులో తెరిచినది. ప్రవేశం ఉచితం, కారు నిలపడానికి మాత్రం డబ్బు కట్టాలి. 39 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన డిస్కవరీ షటిల్ అక్కడ ఉంది. దాని ఒంటి మీద ఇరవై వేలకు పైగా పలకలు అతికించి ఉంటాయి. దిగేటప్పుడు పుట్టే వేడిని అవి తట్టుకుంటాయి. ఆ పలకల మీది మసి, మరకలు అలాగే ఉంచారు. నమూనాకూ నిజమైనదానికీ తేడా అక్కడ తెలుస్తుంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానం కూడా అదే కప్పు కింద ఉంది. దాని ముందు పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు ముందే ఆలోచించుకుని వెళ్లాలి. అమెరికా నుంచి అంతరిక్షానికి వెళ్లినవారిలో మన మూలాలున్నవాళ్లూ ఉన్నారు. 2021 నవంబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన నౌకకు కమాండర్‌గా ఉన్న రాజా చారి తండ్రి ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లినవారు. అదే ఏడాది జూలై 11న తెలుగమ్మాయి శిరీష బండ్ల అంతరిక్షపు అంచును తాకి వచ్చింది.

నమూనాలు చూశాక అసలుది ఎగరడం చూడాలనిపిస్తుంది. దానికి అమెరికా పోనక్కర్లేదు. శ్రీహరికోటకు దగ్గరి రైల్వే స్టేషన్ సూళ్లూరుపేట, విజయవాడ – చెన్నై దారిలో ఉంది. అక్కడి నుంచి పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద దీవికి చేరాలి. చలికాలంలో ఆ నీళ్లలో రాజహంసలు గుంపులుగా నిలబడి ఉంటాయి. రాకెట్ల కోసం ఈ చోటునే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. తూర్పున అంతా సముద్రం కనుక ఊడిన దశలు ఎవరి నెత్తినా పడవు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక తూర్పుకు ఎగిరే రాకెట్‌కు సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే దక్కుతుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ చేసిన విక్రమ్-ఎస్, దేశంలో ప్రైవేటు రంగం ఎగరేసిన మొదటి రాకెట్, అక్కడి నుంచే లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది.

2019 నుంచి జనం కూర్చుని ప్రయోగం చూడటానికి అక్కడ 5,000 మంది పట్టే గ్యాలరీ ఉంది. పక్కనే అంతరిక్ష మ్యూజియం, ఆరుబయట రాకెట్ల నమూనాలు ఉన్నాయి. ప్రయోగానికి ముందు ఇస్రో ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుంటుంది. సీట్లు త్వరగా నిండిపోతాయి. గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ప్రయోగం వాయిదా పడవచ్చన్న సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి. 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని మరో 56 నిమిషాల్లో ఎగురుతుందనగా ఆపేశారు. అది వారం తరువాత, 22న ఎగిరింది. దూరాభారం నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఆ వారం ఆగలేక ఊళ్లకు వెళ్లిపోయారు.

ఎగిరినప్పుడు మొదట కనిపించేది వెలుగు, చెట్ల పైన నారింజ రంగు మంట. చప్పుడు ఇంకా రాదు. రాకెట్ చెట్లు దాటి పైకి లేచాకే ఉరుము వచ్చి ఛాతీకి తగులుతుంది. మంట కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా పిల్లల చేత సెకన్లు లెక్కపెట్టించాలి. శబ్దం కిలోమీటరు నడవడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. లెక్కపెట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే రాకెట్ ఎన్ని కిలోమీటర్ల దూరం నుంచి లేచిందో తెలుస్తుంది.